చర్మం – తర్వాత చూద్దాం

నూట అరవై క్రెడిట్లు.
అంతకు మించి ఒక్కటీ ఇవ్వరు.
అమలాపురం శివార్లలో, ఫ్యాను మాత్రమే తిరిగే ఏసీ హాల్లో
ఎనిమిది నెలలుగా వాటిని పంచుతున్నాం,
తండ్రి పోయిన మర్నాడే
అన్నదమ్ములు గట్లు కొలుచుకున్నట్టు.

గణితం వాళ్లకి పన్నెండు కావాలి.
ఎలక్ట్రానిక్స్ భానుమూర్తిగారు
తన సర్క్యూట్లలో గంట కూడా వదలరు.
శరీరధర్మం చెప్పడానికి కాకినాడ నుంచి
వారానికోసారి డాక్టరుగారొస్తారట,
ఎదుర్లంక వంతెన మీద లారీలు ఆగకపోతే.

గుండె రెండో సెమిస్టరులో పడింది.
కిడ్నీ నాలుగులో.
చెవి ఐచ్ఛికం.
చర్మానికి చోటు దొరకలేదు.
మినిట్స్‌లో నేనే రాశాను:
చర్మం – తర్వాత చూద్దాం.
రాసి నవ్వాను కూడా.

ఇంటర్న్‌షిప్ కాగితం మీద సంతకం కోసం
ఒక మంగళవారం ఏరియా ఆసుపత్రికి వెళ్లాను.
సూపరింటెండెంటు ఆపరేషన్లో ఉన్నారు.
బల్ల మీద కూర్చోలేక వెనక వరండాలోకి నడిస్తే
పాత ఎక్స్‌రే గది తలుపు తీసుంది.

లోపల నేలపూడి ఏసుదాసు.
చదువు పదో తరగతి, సర్వీసు ఇరవైరెండేళ్లు.
పురిటిబిడ్డల్ని వెచ్చగా ఉంచే యంత్రం
పొట్ట విప్పుకుని కూర్చున్నాడు.
పెదాల మధ్య రెండు స్క్రూలు.
నాతో మాట్లాడ్డానికి వాటిని తీసి
చొక్కాకి తుడిచి జేబులో వేసుకున్నాడు.

"జర్మనీదండి. దీనికి జబ్బేం లేదు.
మన గాలే పడలేదు."

బోర్డు మీద ఆకుపచ్చ చిలుం.
సముద్రం ఎక్కడో ఓడలరేవు దగ్గర.
ఉప్పుకి బస్సు అక్కర్లేదు.

గోడవారన మిగతావి,
దాతల పేర్లు మాత్రం మెరుస్తూ.
ఒకదానికి ఫ్యూజు లేదు.
ఒకదాని పుస్తకం జపాను భాషలో ఉంది.
ఒకదాన్ని అసలు విప్పనేలేదు,
అట్టపెట్టెలో ఉడత కాపురం పెట్టింది.
వాటి ముందు నా నూట అరవై క్రెడిట్లూ
చేతిసంచిలో బరువుగా ఉన్నాయి.

"మరి దీన్నెలా బాగుచేస్తున్నారు?"

"మావోడు రొయ్యల చెరువు మీద ఉంటాడండి.
తెల్లారుజామున మూడింటికి
నీళ్లలో ఆక్సిజన్ పడిపోద్ది.
మీటరు చూసి ఏరేటర్లు వేస్తాడు.
ఆ మీటరు ఉప్పుకి చచ్చిపోకుండా
లోపల బోర్డుకి ఏదో పూసుకుంటాడు.
ఇక్కడా అదే పూశాను."

"ఏంటది?"

ఏసుదాసు కాస్త సిగ్గుపడ్డాడు.
"గోళ్ల రంగండి. రంగు లేనిది.
కరుణమ్మ సిస్టరు ఇచ్చింది. ఎవరికీ చెప్పకండేం."

నా సిలబస్‌లో ఆక్సిజన్
అయిదో సెమిస్టరు, మూడో యూనిట్.
చెరువులో మూడింటికి.
పై అంతస్తులో, అద్దం వెనక, కిలోన్నర బరువుకి
ఎప్పుడైనా.

మూడు క్రెడిట్లు అడిగాను.
ఉప్పు, తడి, కరెంటు కోత, అని పేరు పెడితే
విశ్వవిద్యాలయం నవ్వుతుందన్నారు.
ఎవరు చెబుతారన్నారు.
పేరు చెబితే, ఎంటెక్ ఉందా అన్నారు.
అరగంట ఎవరూ ఎవరి మాటా వినలేదు.
ఎవరో జీళ్లు పంచారు.
చివరికి భానుమూర్తిగారు, ఎందుకో తెలీదు,
కళ్లజోడు తీసి తుడుచుకుంటూ
"నాలోంచి రెండు తీసుకోండమ్మా" అన్నారు.
తర్వాత తెలిసింది, వాళ్ల మనవడు
నెలలు నిండకుండా పుట్టాడని.
తర్వాత ఇంకెవరో చెప్పారు, మనవడే లేడని.
నేను అడగలేదు.

రెండే వచ్చాయి.
పేరు కూడా మార్చారు,
చదివితే ఉప్పు రుచి తగలనంత పెద్ద పేరు.
ఏసుదాసు కాగితం మీద ల్యాబ్ సహాయకుడు.
జీతం సంగతి ఇంకా ఫైల్లో ఉంది.

నిన్న అకౌంట్స్ నుంచి నా ఇండెంటు తిరిగొచ్చింది.
మల్టీమీటర్లు ముప్పై, టిక్కు.
టంకం తీగ, టిక్కు.
గోళ్ల రంగు, రంగు లేనిది, అరవై సీసాలు,
దాని చుట్టూ ఎర్ర సున్నా,
పక్కన ప్రశ్న:
ఇది లేడీస్ హాస్టల్ ఇండెంటా?

కాదు, అని రాశాను.
చర్మం.